గెలిచిన జట్టులో ఎవరిని ఉంచాలి, ఎవరిని తప్పించాలి: సీమ ఫుట్‌బాల్ సెలెక్టర్లకు బహిరంగ లేఖ

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల ఫుట్‌బాల్ సెలెక్షన్ కమిటీల పెద్దలకు, క్లబ్బుల కార్యదర్శులకు,

నమస్కారం.

కప్పు గెలిచిన నెల తిరక్కముందే ప్రతి జట్టు చుట్టూ వాదన మొదలవుతుంది. ‘‘పాతోళ్లకు వయసైపోయింది, ఈసారి అంతా పిల్లోళ్లనే దింపుదాం’’ అని కొందరు, ‘‘గెలిచిన టీమును ముట్టుకోవద్దు’’ అని కొందరు. గట్టున కూర్చుని అనేవాళ్లకు రెండూ సులువే. పేర్లు రాసి సంతకం పెట్టాల్సింది మాత్రం మీరు. అందుకే ఈ మూడు జిల్లాల్లో శిక్షకులుగా, రిఫరీలుగా, బడుల్లో పీఈటీలుగా (వ్యాయామ ఉపాధ్యాయులుగా) పనిచేస్తున్న మేము మీకు ఈ లేఖ రాస్తున్నాం.

మేము అడిగేది ఇది. గెలిచిన జట్టులోకి కుర్రాళ్లను తేవాలి. ఆ పని గెలిచిన ఏడాదే మొదలుపెట్టాలి. అయితే ఒక సీజన్‌లో మొదటి పదకొండు మందిలో ముగ్గురికి మించి మార్చకూడదు. ఆ ముగ్గురు ఎవరన్నది పుట్టిన తేదీ ఒక్కటే చూసి తేల్చకూడదు. ఆడే స్థానం, ఆడిన నిమిషాలు, వచ్చే ఏడాది ఆ మనిషి ఊళ్లో ఉంటాడా లేదా అన్నవి కూడా చూడాలి.

గెలిచిన ఏడాదే ఎందుకంటే, అప్పుడే నేర్పేవాళ్లు జట్టులో ఉంటారు. కుర్రాడు తప్పు చేసినా పక్కనున్న సీనియర్ సర్దుకుంటాడు, జనం ఓర్చుకుంటారు. ఓడిన ఏడాది సీనియర్లు వరసగా తప్పుకుంటారు, కుర్రాడి మొదటి తప్పుకే తిట్లు మొదలవుతాయి. పంట బాగా వచ్చిన ఏడాదే రైతు శెనక్కాయల్లో గట్టివి ఏరి విత్తనానికి మూట కడతాడు. కరువు ఏడాది ఏరడానికి కుప్ప ఎక్కడుంటుంది?

ప్రపంచంలో ఈ తప్పు రెండు వైపులా జరిగింది. 2006లో ప్రపంచ కప్పు గెలిచిన ఇటలీ, 2010లో ఆ జట్టులోని తొమ్మిది మందిని మళ్లీ తీసుకెళ్లింది. కెప్టెన్ కన్నవారోకు అప్పటికి 36 ఏళ్లు. పరాగ్వేతో 1-1, న్యూజిలాండ్‌తో 1-1, స్లొవేకియా చేతిలో 2-3. గ్రూపులో అట్టడుగున నిలిచి ఇంటికొచ్చింది. జర్మనీది ఇంకా ఆలోచించాల్సిన సంగతి. 2014లో గెలిచాక 2017లో ఖండాల విజేతలు ఆడే కాన్ఫెడరేషన్స్ కప్పుకు కుర్ర జట్టును పంపింది, ఫైనల్లో చిలీని 1-0తో ఓడించింది. మరుసటి ఏడాది ప్రపంచ కప్పులో మళ్లీ ఎక్కువగా పాత ముఖాలనే నమ్ముకుంది. మెక్సికో చేతిలో, దక్షిణ కొరియా చేతిలో ఓడి గ్రూపు దశలోనే ఆగిపోయింది. కొత్తవాళ్లు సిద్ధంగా ఉన్నా, పాతవాళ్లను పక్కన కూర్చోబెట్టడానికి మనసు రాదు. ఆ ఇబ్బంది మనందరికీ తెలిసిందే.

రెండో వైపు తప్పుకు మన దేశంలోనే ఉదాహరణ ఉంది. కుర్రాళ్లకు పెద్ద మ్యాచ్‌ల అనుభవం రావాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో ఒక జట్టు పెట్టింది. అదే తర్వాత ఇండియన్ ఆరోస్ అయింది. ఆ జట్టు నుంచి మంచి ఆటగాళ్లు వచ్చారు, అందులో అనుమానం లేదు. కానీ అంతా కుర్రాళ్లే ఉన్న జట్టు 2017–18లో ఐ-లీగ్ అనే జాతీయ క్లబ్ లీగ్‌లో చివరి స్థానంలో ముగించింది. ఆటగాళ్లను తయారుచేయడానికి పెట్టిన జట్టు కాబట్టి వాళ్లకు అది సరిపోయింది. మీరు పంపేది కప్పు నిలబెట్టుకోవాల్సిన జట్టు.

ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ పేరు చెప్పి ‘‘వాళ్లు పిల్లలతో గెలవలేదా’’ అనేవాళ్లు ఎక్కువ. 1995 వేసవిలో ఆ క్లబ్ ఇన్స్, హ్యూస్, కాంచెల్‌స్కిస్ అనే పేరున్న ఆటగాళ్లను అమ్మింది. బెక్‌హామ్, స్కోల్స్, బట్, నెవిల్ అన్నదమ్ములు అనే కుర్రాళ్లను దింపింది. మొదటి మ్యాచ్‌లో ఆస్టన్ విల్లా చేతిలో 1-3తో ఓడి, సీజన్ చివరికి లీగూ, ఎఫ్ఏ కప్పూ రెండూ గెలిచింది. ఇంతవరకూ అందరికీ గుర్తే. గోల్‌లో 31 ఏళ్ల ష్మైకెల్, స్టాపర్‌గా (రక్షణ వరస నడుమ) 34 ఏళ్ల బ్రూస్, ముందు 29 ఏళ్ల కాంటోనా క్లబ్‌లోనే ఉన్నారన్నది మాత్రం ఎవరూ చెప్పరు. 2022లో అర్జెంటీనా కూడా సౌదీ అరేబియా చేతిలో ఓడాక మెస్సీని, ఒటమెండీని కదపలేదు. వాళ్ల మధ్యలోకి 21 ఏళ్ల ఎంజో ఫెర్నాండెజ్‌ను, 22 ఏళ్ల హూలియన్ అల్వారెజ్‌ను తెచ్చింది. వెన్నెముక ఉంచి పక్కటెముకలు మార్చడం అంటే ఇదే.

అంత దూరం పోకున్నా, మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ చేసి చూపించారు. ఆయన శిక్షణలోని భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. పి.కె. బెనర్జీ, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. ఆరేళ్ల తర్వాత జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకు వాళ్లే అనుభవజ్ఞులు. మిగతా జట్టు చాలావరకు వాళ్ల చుట్టూ కొత్తగా కట్టిందే.

ఇప్పుడు మన జిల్లాల సంగతి. ఇక్కడ ఆటగాడిని జట్టుకు దూరం చేసేది ముసలితనం కాదు. పదో తరగతి అయ్యాక ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ మొదటి దెబ్బ. పొద్దున అయిదు నుంచి రాత్రి పది వరకు క్లాసులు, స్టడీ అవర్లు. 16 ఏళ్ల వయసులో, సరిగ్గా ఆట పెరిగే రెండేళ్లు పిల్లాడు బంతి ముట్టుకోడు. డిగ్రీ అయ్యాక రెండో దెబ్బ. కొందరు బెంగళూరు పోతారు, కొందరు కానిస్టేబుల్ పరీక్షకు కోచింగ్‌లో చేరతారు. అందుకే మన జట్లలో 19 ఏళ్లవాళ్లు ఉంటారు, 31 ఏళ్లవాళ్లు ఉంటారు, నడుమ 23 నుంచి 27 మధ్య ఖాళీ. 31 ఏళ్లవాళ్లు ఎందుకు మిగిలారు? రైల్వేలోనో, బడిలోనో, ఊళ్లో సొంత అంగడిలోనో పని దొరికి ఇక్కడే నిలిచారు కాబట్టి. ఈ ఖాళీ చూడకుండా 30 దాటినవాళ్లందరినీ ఒక్కసారి తీసేస్తే, రెండేళ్లకు ఆ కుర్రాళ్లూ ఉద్యోగాలకు వెళ్లిపోతారు, మళ్లీ మొదటికొస్తారు.

కాబట్టి సెలెక్షన్‌కు ముందు ఒక పెద్ద కాగితం తీసుకోండి. గోల్‌కీపర్, ఇద్దరు స్టాపర్లు, రెండు వైపులా బ్యాక్‌లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు వింగర్లు, సెంటర్ ఫార్వర్డ్, ఇలా పదకొండు గళ్లు గీయండి. ఒక్కో గడిలో ఇప్పుడు ఆడేవాడి పేరు, వయసు, గత సీజన్‌లో ఆడిన నిమిషాలు, గత 12 నెలల్లో గాయంతో పోయిన రోజులు, వచ్చే జూన్‌కు చదువో ఉద్యోగమో ఎక్కడుంటుందో రాయండి. దాని కింద ఆ స్థానంలో రెండోవాడి పేరు. రెండో పేరు లేని గడి ఏదైతే, కుర్రాడిని ముందుగా వెతకాల్సింది దానికి. వింగర్లు నలుగురుండి ఎడమ కాలి బ్యాక్ ఒక్కడే ఉన్న జట్లు మన దగ్గర ఎక్కువ. అయినా ట్రయల్స్‌లో మళ్లీ వింగర్లనే ఎంచుతాం, ఎందుకంటే డ్రిబ్లింగ్ కంటికి కనపడుతుంది.

వయసు ఒక్కో స్థానాన్ని ఒక్కోలా తాకుతుంది. వింగర్, ఓవర్‌ల్యాప్‌కు (వింగర్‌ను దాటి ముందుకు) పోయే సైడ్ బ్యాక్ మొదట తగ్గుతారు. 28 దాటినప్పటి నుంచి కొలత పెట్టుకోవాలి. స్టాపర్, గోల్‌కీపర్ 30 దాటాక కూడా బాగా ఆడతారు, ఎందుకంటే బంతి ఎక్కడికొస్తుందో ముందే చదివి అక్కడ నిలబడటం వాళ్ల పని. సెంటర్ మిడ్‌ఫీల్డర్‌ది నడుమ సంగతి: పరుగు తగ్గినా తల ఎత్తి చూసేవాడైతే రెండేళ్లు ఎక్కువ పనికొస్తాడు.

వయసుతో తగ్గేది ఒక్క పరుగులో వేగమే కాదు. వెంట వెంటనే మళ్లీ పరిగెత్తే శక్తి కూడా తగ్గుతుంది. దాన్ని కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, రెండు కోన్లు, ఒక స్టాప్‌వాచ్ చాలు. 30 మీటర్లు ఆరుసార్లు, ప్రతి 30 సెకన్లకు ఒక పరుగు. మొదటి పరుగు కంటే ఆరో పరుగు 10 శాతం మించి నెమ్మదిస్తే ఆ మనిషికి మొత్తం 90 నిమిషాలు ఇవ్వకండి, 60 నిమిషాలకు ప్లాన్ చేయండి. ఓపికకు యోయో పరీక్ష మొదటి స్థాయి: 20 మీటర్లు పోయి 20 మీటర్లు రావడం, పది సెకన్ల విరామం, గంటకు 10 కిలోమీటర్లతో మొదలై వేగం పెరుగుతూ పోతుంది. పొద్దున ఆరింటికి పెట్టినదాన్ని సాయంత్రం పెట్టినదానితో పోల్చకూడదు, గడ్డి మీద చేసినదాన్ని ఎర్రమట్టి మీద చేసినదానితోనూ పోల్చకూడదు. ఏడాదికి మూడుసార్లు, ఒకే చోట, ఒకే వేళ. పేరున్న నలభై ఏళ్ల ఆటగాడైనా, పద్దెనిమిదేళ్ల కొత్త కుర్రాడైనా అదే పరీక్ష. అంకె అందరి ముందూ ఉంటే గొడవలు సగం తగ్గుతాయి.

ట్రయల్స్ గురించి గట్టిగా చెప్పాలి. ఒకే పూట 80 మందిని పిలిచి, ఒక్కొక్కరిని పదిహేను నిమిషాలు ఆడించి పేర్లు రాసుకునే పద్ధతి మానండి. అందులో ఎత్తున్నవాడు, ముందు ఎదిగినవాడు, పాస్ ఇవ్వకుండా తానే తిప్పుకునేవాడు ఎంపికవుతాడు. మూడు వేర్వేరు రోజులు పెట్టండి. ప్రతిసారీ పదకొండు మందితో 40 నిమిషాల ఆట, మూడింటిలో ఒకటి సీనియర్లతో కలిపి. చూడాల్సింది నాలుగే: బంతి రాకముందు ఎన్నిసార్లు భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు, రెండో కాలితో 15 మీటర్ల పాస్ ఇవ్వగలడా, బంతి పోగొట్టుకున్నాక అయిదు సెకన్లలో తిరిగి పరిగెడుతున్నాడా, గోల్ పడ్డాక నోరు తెరిచి పక్కవాడితో మాట్లాడుతున్నాడా. నాలుగోది కుర్రాళ్లలో చాలా తక్కువ. స్టాపర్‌కూ, కీపర్‌కూ అది లేకుంటే మిగతా మూడూ ఉన్నా ఒక ఏడాది ఆగండి.

కాగితం మీది వయసు సంగతి కూడా. బడిలో చేర్చేటప్పుడు ఏదో ఒక తేదీ వేసిన పిల్లలు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. తప్పుడు వయసుతో ఆడిన కుర్రాడు తనకంటే చిన్నవాళ్ల మీద బలంతో గెలిచి, అసలు వయసువాళ్ల మధ్యకు రాగానే మామూలుగా కనిపిస్తాడు. మీరు ‘‘పాడైపోయాడు’’ అనుకుంటారు. పుట్టిన వెంటనే నమోదైన సర్టిఫికెట్ అడగండి. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా అయితే 17 ఏళ్లలోపు పోటీలకు మణికట్టు ఎంఆర్ఐ తీసి చూస్తుంది. అంత మన చేతిలో లేకపోయినా, తమ్ముడి కంటే రెండేళ్లు చిన్నవాడైన అన్న ఉన్న ఇల్లు కనిపెట్టడం పీఈటీకి కష్టం కాదు.

ఎంపికయ్యాక కుర్రాడిని దింపే తీరులోనే ఎక్కువ చెడుతుంది. 3-0తో గెలుస్తున్నప్పుడు 85వ నిమిషంలో దింపితే వాడు నేర్చుకునేది ఏమీ ఉండదు. ఫైనల్లో మొదటిసారి దింపితే భయపడతాడు. లీగ్ దశలో, ఒక్క గోల్ తేడా ఉన్నప్పుడు, 60వ నిమిషంలో దింపండి. అది అయిదు మ్యాచ్‌ల్లో చేశాక మొదటి పదకొండులోకి. అప్పుడు వరసగా మూడు మ్యాచ్‌లు ఇవ్వండి, మొదటిదాంట్లో పెనాల్టీ ఇచ్చినా సరే. మొత్తం 450 నిమిషాలు ఆడకముందు వాడి మీద తీర్పు రాయకండి. ఒకే వైపు ఇద్దరు కొత్తవాళ్లను పెట్టొద్దు: కుడి బ్యాక్ కుర్రాడైతే అతని పక్కన స్టాపర్, ముందు వింగర్ అనుభవం ఉన్నవాళ్లే కావాలి. గోల్‌కీపర్‌నూ స్టాపర్ల జంటనూ ఒకే ఏడాది మార్చడం అన్నింటికంటే పెద్ద తప్పు. కార్నర్ వచ్చినప్పుడు ఎవరు ఎవరిని పట్టుకోవాలో అరిచి చెప్పేవాడు లేక, 75వ నిమిషం తర్వాత గోల్స్ పడటం అక్కడే మొదలవుతుంది.

20 మంది జట్టుకు మేము సూచించే లెక్క: 20 ఏళ్లలోపు ఆరుగురు, 21 నుంచి 27 మధ్య ఎనిమిది మంది, 28 దాటినవాళ్లు ఆరుగురు. నడిమి ఎనిమిది మందీ దొరకరని మాకు తెలుసు, పైన చెప్పిన ఖాళీ అదే. అందుకే ఇంటర్ పిల్లలను కాపాడుకోవడం సెలెక్టర్ల పని కాదనకండి. జూన్‌లోనే కాలేజీ ప్రిన్సిపాల్‌కు కమిటీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయండి: వారానికి మూడు రోజులు, పొద్దున గంటన్నర, అంతే అడుగుతున్నాం అని. పరీక్షలకు ఆరు వారాల ముందు నుంచి పూర్తిగా వదిలేయండి, పరీక్షలు కాగానే నాలుగు వారాలు మెల్లగా మొదలుపెట్టండి. ఆడిన ప్రతి టోర్నమెంట్‌కూ పార్టిసిపేషన్ సర్టిఫికెట్ నెలలోపు చేతికివ్వండి. స్పోర్ట్స్ కోటా ఆశ ఉంటేనే తల్లిదండ్రులు పిల్లాడిని మైదానానికి పంపుతారు. సర్టిఫికెట్‌కు ఏడాది తిప్పించుకున్న ఇంటినుంచి రెండో పిల్లాడు రాడు.

ఇంకో ప్రమాదం, బాగా ఆడే కుర్రాడు ఒకేసారి బడికీ, క్లబ్‌కూ, అకాడమీకీ, జిల్లాకూ ఆడుతుంటాడు. వారంలో నాలుగు, అయిదు మ్యాచ్‌లు. ఏ కోచ్‌కూ రెండోవాడి లెక్క తెలియదు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి రావడం, పదిహేడేళ్లవాళ్లకు తొడ వెనక కండరం పట్టేయడం ఇక్కడినుంచే. ప్రతి కుర్రాడి దగ్గరా ఒక చిన్న పుస్తకం ఉండాలి. ఏ జట్టుకు ఆడినా ఆ కోచ్ నిమిషాలు రాసి సంతకం పెట్టాలి. వారానికి రెండు పూర్తి మ్యాచ్‌లు, ఒక పూర్తి విశ్రాంతి రోజు, దీన్ని దాటితే ఎవరైనా కూర్చోబెట్టాలి. ప్రాక్టీస్‌కు ముందు ఫిఫా 11+ వార్మప్ వారానికి రెండుసార్లైనా చేయించండి. 15 వ్యాయామాలు, 20 నిమిషాలు, బంతి, కోన్లు తప్ప వేరే సామాను అక్కర్లేదు. తొడ వెనక కండరానికి మోకాళ్ల మీద నిలబడి ముందుకు వాలే వ్యాయామం అందులోనే ఉంది. సీనియర్లు దాన్నే ఎగ్గొడతారు, వాళ్లకే అది ఎక్కువ అవసరం.

మన నేల, మన ఎండ కూడా లెక్కలోకి రావాలి. గట్టి ఎర్రమట్టి మీద పొడవాటి స్టడ్‌లు వేసుకుంటే మడమ, పిక్క ఎముక నొప్పులు తప్పవు. పొట్టి రబ్బరు స్టడ్‌లున్న టర్ఫ్ బూట్లు మేలు. ముందు రోజు సాయంత్రం ట్యాంకర్‌తో తడిపితే బంతి ఎగరడం, మోకాళ్లకు దెబ్బ రెండూ తగ్గుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ప్రాక్టీస్ పొద్దున ఏడున్నరకు ముగియాలి. ప్రాక్టీస్‌కు ముందు, తర్వాత బరువు చూడండి. తగ్గిన ప్రతి కిలోకూ లీటరున్నర నీళ్లు, కొంచెం ఉప్పుతో. ఎండలో ఆడక తప్పని మ్యాచ్ అయితే ప్రతి సగంలోనూ మూడు నిమిషాల విరామం రిఫరీని ముందే అడగండి, మేము ఇస్తాం. ఎండలో వయసు తేడా రెట్టింపై కనిపిస్తుంది. వరుసగా మూడు రోజులు మూడు మ్యాచ్‌లు పెట్టే టోర్నమెంట్‌లో 32 ఏళ్ల వింగర్‌ను మూడింటిలోనూ పూర్తిగా ఆడించి, ఓడాక ‘‘వయసైపోయింది’’ అనడం అన్యాయం. మొదటిదీ మూడోదీ ఆడించండి, రెండోది కుర్రాడికివ్వండి.

అమ్మాయిల జట్లకు ఈ లేఖలో చెప్పినవన్నీ వర్తిస్తాయి, రెండు తేడాలతో. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ (ఏసీఎల్) తెగే ప్రమాదం అబ్బాయిల కంటే వాళ్లకు రెండు, మూడు రెట్లు ఎక్కువ, కాబట్టి దూకి దిగడం నేర్పకుండా మ్యాచ్‌కు పంపొద్దు. వాళ్లు ఆట వదిలేసే వయసు 17, 18, అందుకు కారణం ఎక్కువగా ఇల్లు. ఆ పిల్లల అమ్మనూ నాన్ననూ కలిసి మాట్లాడే పని కమిటీలో ఒక ఆడమనిషికి అప్పగించండి.

తప్పించాల్సిన సీనియర్ సంగతి చివరగా. వాట్సాప్‌లో లిస్టు పెట్టి తెలియజేయొద్దు. ట్రయల్స్‌కు రెండు నెలల ముందే కూర్చోబెట్టి అంకెలు చూపించి చెప్పండి: ‘‘అన్నా, ఈ ఏడాది నీకు 60 నిమిషాలు, పెనాల్టీలూ ఫ్రీ కిక్‌లూ నీవే, ఎడమ వింగ్‌లో ఈ పిల్లోడు నీ చేతికింద’’ అని. ఇష్టం ఉన్నవాళ్లను డీ లైసెన్స్ కోచింగ్ కోర్సుకు పంపండి, ఫీజు క్లబ్ కట్టాలి. పదేళ్లు ఆడిన మనిషికి అంత ఖర్చు పెట్టడం కష్టం కాదు. అతను శిక్షకుడై తిరిగొస్తే ఊళ్లో పద్నాలుగేళ్లలోపు జట్టు ఒకటి నిలబడుతుంది.

ఈసారి ట్రయల్స్ తేదీ ప్రకటించకముందే ఆ పదకొండు గళ్ల కాగితం తయారుచేసి, ఒక ప్రతి మైదానం గేటు దగ్గర నోటీసు బోర్డుకు అంటించండి. వ్యక్తిగత గాయాల వివరాలు తీసేసి మిగతాదంతా అందరికీ కనిపించనివ్వండి. గళ్లు నింపడానికీ, పరీక్షలు పెట్టడానికీ, స్టాప్‌వాచ్ పట్టుకోవడానికీ మేము ఏ పొద్దున పిలిచినా వస్తాం, జీతం అడగం.

ఇట్లు,
అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల ఫుట్‌బాల్ శిక్షకులు, రిఫరీలు, పీఈటీలు